టక్కుమంటేనే... టేకాఫ్!

ఇంట్లోనే విమానం కాక్‌పిట్ కట్టుకోవాలని సరదాపడేవాళ్లకు కంప్యూటర్ దొరుకుతుంది, తెర దొరుకుతుంది, సాఫ్ట్‌వేరూ దొరుకుతుంది. అసలు తిప్పలన్నీ వేలెడైనా లేని స్విచ్చు దగ్గరే మొదలవుతాయి!

అర్ధరాత్రి దాహమేస్తుంది. మంచం దిగుతారు. కళ్లు సరిగా తెరుచుకోకముందే చెయ్యి గోడ మీదికి వెళ్తుంది. బోర్డులో ఆరు స్విచ్చులున్నా సరిగ్గా లైటుదే వేలికి తగులుతుంది. కిందికి నొక్కగానే వెలుగు! ఎన్నో స్విచ్చు, ఎటు నొక్కాలి అని ఎవరైనా ఆలోచిస్తారా? చేతికి తెలుసు, అంతే. అదే చెయ్యి అమెరికాలో కొడుకింటికో కూతురింటికో వెళ్లిన మొదటి వారం మాత్రం తెగ తడబడుతుంది. అక్కడ స్విచ్చు పైకంటే ఆన్, కిందికంటే ఆఫ్. మనకు పూర్తిగా తిరకాసు.

ఇంట్లో తడబడితే నవ్వుకుంటాం. విమానంలో అయితే? 2011 సెప్టెంబరు 6 రాత్రి ఆల్ నిప్పన్ ఎయిర్‌వేస్ వారి బోయింగ్ 737-700 విమానం ఒకినావాలోని నహా నుంచి టోక్యో వెళ్తోంది. బాత్‌రూమ్‌కి వెళ్లొచ్చిన కెప్టెన్ కాక్‌పిట్ తలుపు బయట నిలబడ్డాడు. లోపలున్న కో పైలట్ తలుపు తాళం తీసే మీట తిప్పబోయి రడ్డర్ ట్రిమ్ మీట తిప్పాడు. విమానం తోకలోని చుక్కానిని పక్కకు జరిపే మీట అది. ఇంకేముంది... విమానం దాదాపు 130 డిగ్రీలు ఒరిగి, ఇంచుమించు తల్లకిందులై, వేల అడుగులు కిందికి జారింది. చివరికి తేరుకుంది కాబట్టి అందులోని 117 మందీ బతికిపోయారు. ఆ కో పైలట్ అంతకుముందు నడిపింది 737-500 రకం. అందులో తలుపు మీట ఉండే చోటు, 737-700లో రడ్డర్ ట్రిమ్ మీట ఉండే చోటు దగ్గర దగ్గరే. రెండు మీటలూ చూడటానికీ ఒకే తీరు. దర్యాప్తులో తేలింది ఇదే. మనిషి కొత్త విమానంలో కూర్చున్నాడు. చెయ్యి మాత్రం పాత విమానంలోనే ఉంది.

ఆలేరు కుర్రాడి ముచ్చట

ఈ గొడవ మనకెందుకంటారా? సొంతంగా ఇంట్లో ఫ్లైట్ సిమ్యులేటర్ కట్టుకునేవాళ్లు మొట్టమొదట తేల్చుకోవాల్సింది సరిగ్గా ఇదే మరి. చేతికి ఏం నేర్పాలి?

మైక్రోసాఫ్ట్ తొలి ఫ్లైట్ సిమ్యులేటర్ 1982లో వచ్చింది. అప్పట్లో తెరమీద నాలుగు గీతలు గీస్తే అదే కొండ, రెండు గీతలు గీస్తే అదే రన్‌వే. 2020లో వచ్చినదానిలో ఉపగ్రహ చిత్రాల సాయంతో భూగోళమంతా పరిచేశారు. బేగంపేటలో గాల్లోకి లేచి, కింద రైలుపట్టాలు చూసుకుంటూ భువనగిరి గుట్ట దాటి, ఆలేరు మీదుగా కాజీపేట వైపు వెళ్లిపోవచ్చు. కీబోర్డూ మౌసూ ఉంటే చాలు.

కొందరికి అది చాలదు. ఆలేరులో అలాంటి కుర్రాడు ఒకడున్నాడనుకుందాం. ఇంటర్ అయిపోయింది. పైలట్ కావాలని కోరిక. మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సు రావాలంటే 200 గంటలు ఎగరాలి. దానికయ్యే ఖర్చు పదుల లక్షల్లో మాట. ఎకరమో రెండెకరాలో ఉన్న ఇంట్లో ఆ మాట ఎత్తడానికే భయం. అందుకని పాత కంప్యూటర్ ముందు చెక్కబల్ల వేసి, దానికి విమానంలో ఉన్నట్టే ఒక స్విచ్చుల పలక బిగించాలని మొదలుపెడతాడు.

ఒక సంగతి ముందే చెప్పుకోవాలి. ఇంట్లో కట్టుకున్న సిమ్యులేటర్‌లో ఎన్ని వందల గంటలు కూర్చున్నా ఆ 200 గంటల్లో ఒక్కటీ జమకాదు. మరి లాభమేంటి? చెయ్యి నేర్చుకుంటుంది. నష్టమేంటి? అదీ అదే. తప్పు స్విచ్చు మీద, తప్పు దిక్కున వెయ్యిసార్లు నేర్చుకున్న చెయ్యి రేపు అసలు విమానంలో కూర్చున్నాక ఆ తప్పును మరచిపోవడానికి, గంటకు వేల రూపాయలు పోసే చోట తంటాలు పడుతుంది. అందుకే ముప్పై రూపాయల స్విచ్చు గురించి ఇంత చర్చ.

చెక్కతో, తోలుతిత్తులతో...

ఇంట్లో కట్టిన యంత్రంతో విమానం నేర్పడం పిచ్చిపని అనిపిస్తే ఎడ్విన్ లింక్ కథ వినాలి. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హామ్టన్‌లో ఆయన తండ్రికి పియానోలు, ఆర్గన్లు తయారుచేసే కర్మాగారం ఉండేది. ఎగరడం నేర్చుకోవడానికి డబ్బు తెగ ఖర్చవుతోందని విసిగిపోయిన లింక్, ఆర్గన్‌లోని గాలి తిత్తులనూ పంపులనూ తీసుకుని ఒక చెక్క విమానాన్ని కట్టాడు. కూర్చుని కర్ర కదిపితే తిత్తుల్లోకి గాలి చేరి ముందుకీ పక్కకీ ఊగుతుంది. అది 1929 నాటి మాట. మొదట్లో దాన్ని కొన్నవాళ్లలో వినోదాల పార్కులవాళ్లే ఎక్కువ, పిల్లలు ఎక్కి ఆడుకోవడానికి! 1934లో అమెరికా సైన్యం విమానాల్లో టపా మోయబోయి, మబ్బుల్లో దారి తెలీక వరసగా పైలట్లను పోగొట్టుకుంది. అప్పుడు గుర్తొచ్చింది లింక్ చెక్కపెట్టె. ముందు ఆరు కొన్నారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి అలాంటివి సుమారు పదివేలు తయారయ్యాయి. లక్షల మంది పైలట్లు వాటిలోనే ఓనమాలు దిద్దారు.

అంతదూరం ఎందుకు? ఇంట్లో చెక్కముక్కలతో యంత్రం కట్టడం ఆలేరు ప్రాంతానికి కొత్తా? ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం చేసిందదే. పోచంపల్లి చీర నేసేముందు నూలును అర్ధచంద్రాకారంలో ఉండే చట్రం మీది మేకుల చుట్టూ పోయాలి. దాన్నే ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకు చెయ్యి తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. రోజుకు రెండు చీరలంటే పద్దెనిమిది వేల సార్లు. ఆ పనితో తల్లి లక్ష్మి భుజం పట్టేయడం చూసి, 1992లో యంత్రం మొదలుపెట్టాడు మల్లేశం. పూర్తయ్యేసరికి 1999 వచ్చింది. మిగతా కదలికలన్నీ కుదిరినా ఒక్క కదలిక కుదరక ఆగిపోయిన పని అది. హైదరాబాద్ బాలానగర్‌లో కరెంటు పనికి వెళ్లిన చోట ఒక యంత్రం ఆడుతున్న తీరు చూశాక ఆ ముడి వీడింది. తల్లి పేరుమీద లక్ష్మీ ఆసు యంత్రం అయింది. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన కథ 'మల్లేశం' పేరుతో సినిమాగానూ వచ్చింది.

మల్లేశం చెయ్యి కష్టం తగ్గించడానికి యంత్రం కట్టాడు. సిమ్యులేటర్ కట్టేవాడు చేతికి పని నేర్పడానికి కడతాడు. ఇద్దరూ ముందు చెయ్యాల్సింది ఒకటే. అసలు చెయ్యి ఎటు కదులుతోంది, ఎంత దూరం, ఎంత బలంతో అని గంటల తరబడి చూడటం. ఆ తర్వాతే దుకాణానికి వెళ్లడం.

టూ పిన్నా... త్రీ పిన్నా?

దుకాణం అంటే ఆలేరు నుంచి రైలెక్కి సికింద్రాబాద్, అక్కణ్నుంచి కోఠి. ఎలక్ట్రానిక్ సామాన్లకు గుజరాతీ గల్లీ పెట్టింది పేరు. మన కుర్రాడు కౌంటర్ ముందు నిలబడ్డాడనుకోండి.

"అన్నా, చిన్న టాగుల్ స్విచ్చులు గావాలె."

"టూ పిన్నా, త్రీ పిన్నా, సిక్స్ పిన్నా తమ్మీ?"

"అంటే..."

"ఏ మిషినుకు?"

"విమానానికన్నా!"

దుకాణంలో అందరూ తిరిగి చూస్తారు. కానీ అన్న అడిగింది సరైన ప్రశ్నే. దానికి జవాబు తెలుసుకునే వెళ్లాలి.

ముందు 'టక్' సంగతి. పాతకాలం స్విచ్చుల్లో మీటను మెల్లగా లాగితే లోపలి రేకులూ మెల్లగానే విడిపోయేవి. ఆ సందులో మెరుపు పుట్టి రేకులు కాలిపోయేవి. 1884లో ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌కు చెందిన జాన్ హెన్రీ హోమ్స్ దీనికి విరుగుడు కనిపెట్టాడు. చెయ్యి ఎంత మెల్లగా కదిపినా, ఒక హద్దు దాటాక స్ప్రింగే ఠక్కున రేకును లాగేస్తుంది. టాగుల్ స్విచ్చు నొక్కినప్పుడు వినిపించే టక్ అదే. రేకు కాలకుండా పెట్టిన ఏర్పాటు చేతికి కబురుగానూ పనికొచ్చింది. పని జరిగిందని వేలికీ చెవికీ ఒకేసారి తెలుస్తుంది. కంప్యూటర్ కీబోర్డులో లేనిది ఇదే. 'ఎల్' అక్షరం నొక్కితే లైట్లు వెలుగుతాయి, మళ్లీ అదే నొక్కితే ఆరిపోతాయి. ఇప్పుడు వెలిగున్నాయో ఆరిపోయాయో వేలికి తెలీదు. టాగుల్ స్విచ్చుకైతే పైనుందా, కిందుందా అని తడిమితే చాలు.

ఇక పిన్నులు. రెండు పిన్నులదైతే ఆన్, ఆఫ్. మూడు పిన్నులదాంట్లో రెండు రకాలు. ఒకటి అటో ఇటో ఉండేది. రెండోది మధ్యలోనూ ఆగేది. ఆరు పిన్నులదంటే రెండు స్విచ్చులకు ఒకే మీట అన్నమాట. ఇవి కాక వదిలెయ్యగానే స్ప్రింగుతో వెనక్కొచ్చేవి ఉంటాయి. వాటిని మొమెంటరీ అంటారు. చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి. చేత్తో కదిపి చూస్తేనే తేడా తెలుస్తుంది. అందుకే ఫొటో చూసి ఆర్డరివ్వడం కన్నా గల్లీకి వెళ్లడమే మేలు.

బోయింగ్ 737లో జనరేటర్ స్విచ్చులు మొమెంటరీ రకం. నొక్కి వదిలితే మధ్యకు వచ్చేస్తాయి. అక్కడ మామూలు స్విచ్చు పెడితే చూపుకు బాగానే ఉంటుంది కానీ చెయ్యి తప్పు పాఠం నేర్చుకుంటుంది. ఇంకా చిక్కుది ఏపీయూ స్విచ్చు. తోకలో ఉండే చిన్న ఇంజిన్ని నడిపించేది. దానికి ఆఫ్, ఆన్, స్టార్ట్ అని మూడు స్థానాలు. స్టార్ట్‌లో పెట్టి వదిలితే ఆన్‌కు వచ్చి ఆగాలి. అచ్చం అలాంటిది అడిగితే దుకాణాల్లో దొరకడం కష్టం. దీనికో కిటుకుంది. ఒకవైపు ఆగుతూ, మధ్యలో ఏ పిన్నుకూ తగలకుండా ఉండి, రెండోవైపు మాత్రం స్ప్రింగుతో వెనక్కొచ్చే మూడు పిన్నుల స్విచ్చు తీసుకోవాలి. మధ్యలో ఏదీ తగలకపోతే కంప్యూటర్‌కి అదీ ఒక సమాచారమే. 'ఏదీ తగల్లేదంటే ఆన్' అని సాఫ్ట్‌వేర్‌కి చెబితే సరి. పదిరెట్లు ఖరీదు పెట్టి విదేశాల నుంచి తెప్పించే బాధ తప్పుతుంది.

ఏది పైన, ఏది కింద?

తొలిసారి కట్టేవాళ్లలో చాలామంది బోల్తాపడేది ఇక్కడే. 737 తలపై పలక బొమ్మ కాగితం మీద చూస్తే ఎక్కువ స్విచ్చులకు ఆఫ్ పైనా ఆన్ కిందా ఉంటాయి. అచ్చం మన గోడ బోర్డులా! విమానం అమెరికాది కదా, ఇదెలా అంటారా? ఆ పలక గోడకు ఉండదు, పైలట్ నెత్తిమీద ఉంటుంది. బొమ్మలో కింది వైపు అంటే విమానంలో ముందు వైపు, అద్దానికి దగ్గర. చెయ్యెత్తి స్విచ్చును ముందుకు తోస్తే ఆన్. అది దాని సూత్రం. ఆ పలకను ఇంట్లో బల్లమీద నిలువుగా పెట్టుకుంటే చెయ్యి 'కిందికి ఆన్' అని నేర్చుకుంటుంది. కాస్త కష్టమైనా తలపైనే బిగించుకుంటే 'ముందుకు ఆన్' అని నేర్చుకుంటుంది. రెంటికీ చాలా తేడా. అన్ని విమానాలకూ ఒకే సూత్రం వర్తించదు కాబట్టి ఏ విమానం కడుతున్నారో దాని ఫొటోలే ప్రమాణం. స్థలం లేనివాళ్లు తలపై పలక జోలికి వెళ్లకుండా, ఎదురుగా ఉండే చిన్న శిక్షణ విమానం పలకతో మొదలుపెట్టడమే తెలివైన పని. అన్నట్టు సెస్నా 172లో లైట్లకూ పంపుకూ ఉండేవి ఎక్కువగా మన గోడ స్విచ్చుల్లాంటి రాకర్ రకమే. ముచ్చటపడి టాగుల్ పెడితే అది సెస్నా అనిపించుకోదు.

బిగించేటప్పుడు ఇంకో తమాషా. మీట పైకి ఉన్నప్పుడు లోపల మధ్య పిన్ను కింది పిన్నుతో కలుస్తుంది. తక్కెడలా ఒకవైపు లేస్తే రెండోవైపు దిగుతుంది. ఇది తెలీక వైర్లన్నీ తిరగేసి కలిపి, రాత్రంతా సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకునేవాళ్లు ఉంటారు.

లాగితేనే కదిలేది

2025 జూన్ 12న అహ్మదాబాద్ నుంచి లండన్ బయల్దేరిన ఎయిర్ ఇండియా బోయింగ్ 787 విమానం గాల్లోకి లేచిన కాసేపటికే కూలింది. విమానంలోని 241 మంది, నేలమీద 19 మంది చనిపోయారు. నెల తర్వాత దర్యాప్తు సంస్థ ఇచ్చిన ప్రాథమిక నివేదికలో ఒక వాక్యం దేశాన్ని కుదిపేసింది. రెండు ఇంజిన్ల ఇంధన స్విచ్చులూ ఒక సెకను తేడాతో 'రన్' నుంచి 'కటాఫ్'కు మారాయి. అవి ఎందుకు మారాయో ఆ నివేదిక చెప్పలేదు, కాబట్టి దానిపై ఊహాగానాలు వద్దు. కానీ ఆ వారం పేపరు చదివే ప్రతి ఇంట్లోనూ ఒక స్విచ్చు నిర్మాణం గురించి మాట్లాడుకున్నారు. బహుశా మన దేశంలో అదే మొదటిసారి.

ఆ స్విచ్చు మామూలు టాగుల్ కాదు. దాని తలను పట్టుకుని పైకి లాగాలి. అప్పుడు అడ్డుగా ఉన్న మెట్టు దాటుతుంది. దాటాక రెండో స్థానంలో దింపాలి. మోచెయ్యి తగిలితేనో, పుస్తకం జారిపడితేనో కదలకూడదనే ఇంత ఏర్పాటు. 2018లో అమెరికా విమానయాన సంస్థ ఒక సమాచారపత్రంలో, కొన్ని 737 విమానాల్లో ఇలాంటి స్విచ్చులు లాకింగ్ ఏర్పాటు పనిచేయని స్థితిలో బిగించి ఉన్నాయని తెలిపి, తనిఖీ చేసుకోమని సలహా ఇచ్చింది. తప్పనిసరి ఆదేశం మాత్రం కాదు.

ఇంటి సిమ్యులేటర్‌కి ఇలాంటి లాకింగ్ టాగుల్ కొనాలంటే మామూలుదానికన్నా చాలా ఎక్కువ అవుతుంది. అయినా డబ్బు పెట్టాల్సింది ఇక్కడే. ఇరవై లైట్ల స్విచ్చులు చవకవి పెట్టినా పర్వాలేదు, ఇంజిన్‌కు ఇంధనం ఆపే రెండూ మాత్రం లాగితేనే కదిలేవి ఉండాలి. లాగి, దాటించి, దింపే ఆ మూడంచెల కదలిక చేతికి తెలియాలి. మామూలు స్విచ్చుతో 'ఇంజిన్ ఆపడం' అలవాటైన చెయ్యికి ఆ పని తేలికని తెలుస్తుంది. అది తేలిక కాకూడదనే కదా విమానం కట్టినవాళ్ల తాపత్రయమంతా!

ఎర్ర మూతల సంగతీ చెప్పుకోవాలి. సినిమాల్లో క్షిపణి వదిలేముందు మూత పైకెత్తి నొక్కుతారే, అవే. కార్ల సామాన్ల దుకాణాల్లోనూ దొరుకుతున్నాయి. చూపుకు బాగుంటాయని కొందరు పలకనిండా అవే బిగిస్తారు. అది పెళ్లివారింటి సీరియల్ బల్బుల్లా ఉంటుంది తప్ప కాక్‌పిట్‌లా ఉండదు. మూత అంటే 'ఆలోచించి ముట్టుకో' అని. అన్నింటికీ ఉంటే దేనికీ లేనట్టే. పైగా చవక మూత మూస్తే స్విచ్చు ఆఫ్‌కు పడిపోతుంది. 737లో అత్యవసర ద్వారాల లైట్లకు ఉండే మూత అలా కాదు. మూసినప్పుడు మీటను మధ్య స్థానంలో పట్టుకుంటుంది. ఏ మూత మూస్తే మీట ఎక్కడ ఆగుతుందో చూసే కొనాలి.

చీకట్లో తడిమితే...

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా బి-17 బాంబర్లు క్షేమంగా నేలమీద దిగాక కూడా ఉన్నట్టుండి పొట్టమీద కూలబడేవి. పైలట్లు చక్రాల మీట, రెక్కల ఫ్లాప్ మీట కలగాపులగం చేసుకునేవారు. రెండూ పక్కపక్కనే, ఒకేలా ఉండటమే కారణమని అల్ఫోన్స్ చపానిస్ అనే యువ మనస్తత్వవేత్త 1943లో పసిగట్టాడు. చక్రాల మీటకు చిన్న రబ్బరు చక్రం, ఫ్లాప్ మీటకు రెక్క ఆకారంలో ముక్క తగిలించమన్నాడు. ఈనాటికీ ప్రయాణికుల విమానాల్లో చక్రాల మీట కొసన బుల్లి చక్రం ఉంటుంది. అది అమెరికా నిబంధనల్లోనే రాసి ఉంది.

ఇంట్లో కట్టేవాళ్లకు దీన్నుంచి దొరికే చిట్కా చవకైనది. స్విచ్చులన్నీ ఒకే మోడల్ కొనొద్దు. ల్యాండింగ్ లైట్లకు వెడల్పు తల, పంపులకు గుండ్రటి తల ఉన్నవి తీసుకోవచ్చు. కళ్లు మూసుకుని చెప్పిన స్విచ్చును ముట్టుకోవడం సైనిక పైలట్లకు పాత పరీక్షే. ఇంట్లో చెల్లెల్ని పక్కన కూర్చోబెట్టి పేర్లు చదివించి మీరూ ప్రయత్నించొచ్చు. పదిలో మూడు తప్పితే తప్పు చేతిదా, పలకదా అని ఒకసారి అనుమానించాలి.

పెద్ద స్విచ్చు... చిన్న కరెంటు

విమానంలోంచి తీసిన అసలు స్విచ్చులు పాతసామాన్లలో దొరికితే ఎగిరి గంతేసేవాళ్లున్నారు. బరువుగా, గట్టిగా ఉంటాయి. కానీ ఒక్కోసారి అవే ఇంట్లో మొరాయిస్తాయి. విమానంలో అవి 28 వోల్టుల దగ్గర ఆంపియర్ల కొద్దీ కరెంటును మోయడానికి పుట్టాయి. వెండి రేకుల మీద పట్టే పలుచటి మడ్డిని ఆ కరెంటే కాల్చి శుభ్రం చేసుకుంటుంది. మన సిమ్యులేటర్‌లో పారేది 5 వోల్టుల దగ్గర మిల్లీ ఆంపియర్‌లో చిన్న భాగం. మడ్డిని కాల్చే శక్తి దానికెక్కడిది? అందుకే టక్‌మన్నా పని జరగదు. ఇంత తక్కువ కరెంటుకు బంగారు పూత రేకులున్న చిన్న స్విచ్చే నమ్మకమైనది. పాతది వాడాలనే పట్టుదల ఉంటే, కాస్త ఎక్కువ కరెంటు పారేలా బయటినుంచి ఒక రెసిస్టర్ జోడించాలి.

స్విచ్చులను కంప్యూటర్‌కి కలపడానికి ఆర్డుయినో లియొనార్డో లాంటి బుల్లి బోర్డు చాలు. యూఎస్‌బీకి తగిలిస్తే అది జాయ్‌స్టిక్‌లా కనిపిస్తుంది. స్విచ్చు ఒక్కసారి నొక్కినా లోపలి రేకు కొన్ని మిల్లీ సెకన్లు బంతిలా ఎగిరెగిరి పడుతుంది. కంప్యూటర్ దాన్ని నాలుగుసార్లు నొక్కినట్టు లెక్కేసుకుంటుంది. కాసేపు ఆగి చదవమని ప్రోగ్రాంలో రాయాలి. ఆట మొదలైనప్పుడు తెరమీద లైటు వెలిగుండి, పలకమీద స్విచ్చు ఆఫ్‌లో ఉండటం ఇంకో తలనొప్పి. మొదలవగానే అన్ని స్విచ్చుల స్థితినీ ఒకసారి చదివి చెప్పేలా చేస్తే అదీ పోతుంది. పలకలోకి 230 వోల్టుల ఇంటి కరెంటు మాత్రం ఏ కారణంతోనూ రానివ్వకూడదు.

ఇక చెక్కపని. చిన్న టాగుల్‌కి 6 మిల్లీమీటర్లు, పెద్దదానికి 12 మిల్లీమీటర్ల రంధ్రం. ఉత్సాహంగా 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌కి రంధ్రాలు వేశాక, చిన్న స్విచ్చు మెడ అంత పొడుగు లేదని తెలిసి కూలబడేవాళ్లు ఎందరో. ముందు పలుచటి అల్యూమినియం రేకో, మూడు మిల్లీమీటర్ల అక్రిలిక్కో పెట్టి, వెనక చెక్క ఆసరా ఇవ్వాలి. స్విచ్చు మెడమీద చిన్న గాడి, దానితోపాటు కొమ్మున్న వాషర్ వస్తాయి. ఆ కొమ్ముకోసం పక్కన ఇంకో చిన్న రంధ్రం వెయ్యకపోతే నెలరోజుల్లో స్విచ్చు గుండ్రంగా తిరుగుతుంది. సోల్డరింగ్ ఇనుమును పిన్నుమీద ఎక్కువసేపు ఆనిస్తే లోపలి ప్లాస్టిక్ కరిగి మీట వదులవుతుంది. ఆ తర్వాత టక్ ఉండదు.

అందుకే కొనేటప్పుడే ఒక్కో రకంలో రెండు మూడు ఎక్కువ తెచ్చుకోవాలి. ఒక్క స్విచ్చు కోసం ఆలేరు నుంచి కోఠి వెళ్లి రావాలంటే మళ్లీ ఒక రోజు పోయినట్టే.